కానుక పేరు చెప్పి ఇవ్వాలా, రహస్యంగా ఇవ్వాలా?

చర్చికి ఫ్యాన్ ఇచ్చి రెక్కల మీద పేరు రాయించేవాళ్లున్నారు. కవర్ మీద పేరు రాయకుండా కానుకల సంచిలో వేసేవాళ్లూ ఉన్నారు.

ఖర్చు: ఒకటే.

కష్టం: రహస్యమే కష్టం. ఎవరూ థ్యాంక్స్ చెప్పరు.

ప్రతిఫలం: మెప్పు కోసం ఇచ్చినవాళ్లు తమ ఫలం పొందేశారని మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు ప్రభువు చెప్పాడు. రహస్యంగా ఇచ్చింది తండ్రి చూస్తాడు, ఆయనే ప్రతిఫలమిస్తాడు. ‘పొందేశారు’ అన్న ఆ మాట చదివినప్పుడల్లా నాకు భయమేస్తుంది. ఇక రావలసింది ఏమీ లేదని కదా!

రిస్క్: పేరుతో గర్వం. రహస్యంతో లెక్క తేలకపోవడం. యెరూషలేము పేదల చందా విషయంలో నింద రాకూడదని అపొస్తలుడైన పౌలు ఆ డబ్బుకు తోడుగా మనుషుల్ని పంపాడు.

తొలి విశ్వాసుల్లో ఒకడైన బర్నబా పొలం అమ్మిన డబ్బు అపొస్తలుల పాదాల దగ్గరే పెట్టాడు. అందుకే స్థలం, భవనం లాంటి పెద్ద కానుకైతే రసీదు తీసుకుని ఇవ్వండి. పక్కింటి పిల్ల ఫీజు కట్టడమైతే, ఆ ఇంటివాళ్లకు కూడా తెలియనివ్వకండి.