ఎక్సెల్‌లో పేస్ట్ స్పెషల్: పన్నెండేళ్ల వాడకం తర్వాత

గుంటూరులో వ్యాపారుల పన్ను లెక్కలు చూసే ఒక చిన్న కార్యాలయంలో నేను పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువ మంది మిర్చి, పసుపు, పత్తి వ్యాపారం చేసేవారు. వారి లెక్కలు ఏ ఇద్దరివీ ఒకే రూపంలో రావు. ఒకరు బ్యాంకు స్టేట్‌మెంటును పీడీఎఫ్‌గా పంపుతారు, ఇంకొకరు అమ్మకాల వివరాలను వాట్సాప్‌లో వరుసగా టైపు చేసి పంపుతారు, మరొకరి గుమస్తా వర్డ్‌లో పట్టిక గీసి రంగులు కూడా వేసి పంపుతాడు. ఇవన్నీ చివరకు మా షీట్‌లో ఒకే తీరుగా కుదురుకోవాలి కనుక, రోజులో నేను అత్యధికంగా చేసే పని కాపీ చేసి పేస్ట్ చేయడమే. ఎక్సెల్ 2010తో మొదలుపెట్టి ఇప్పుడు మైక్రోసాఫ్ట్ 365కు వచ్చాను. ఇంట్లో ఎక్సెల్ లాంటిదే అయిన లిబ్రే ఆఫీస్ కాల్క్ వాడతాను.

మామూలుగా కంట్రోల్, వి నొక్కితే సెల్‌లోని అంకె ఒక్కటే రాదు. దాని వెంట ఫాంటు, రంగు, గీతలు, కండిషనల్ ఫార్మాటింగ్ నియమాలు (విలువను బట్టి రంగు మార్చేవి), డేటా వాలిడేషన్ (సెల్‌లో ఏం నింపవచ్చో చెప్పే నియమం), చివరికి ఆ సెల్ తాళం వేసి ఉందా లేదా అన్న గుణం కూడా వస్తాయి. ఈ చివరిది చాలామంది గమనించరు. ప్రొటెక్ట్ చేసిన షీట్‌లో నింపడానికి వదిలిన సెల్ మీద, వేరే ఫైలులోని లాక్ చేసిన సెల్‌ను మామూలుగా పేస్ట్ చేస్తే, ఇది కూడా లాక్ అయిపోతుంది. మరుక్షణం నుంచి అందులో ఏదీ దిద్దడానికి వీలుండదు. అలాగే డ్రాప్‌డౌన్ జాబితా ఉన్న సెల్ మీద పేస్ట్ చేస్తే ఆ జాబితా మాయమవుతుంది. వాల్యూస్, అంటే విలువలు మాత్రమే పేస్ట్ చేస్తే జాబితా మిగులుతుంది గానీ, వచ్చిన విలువ ఆ జాబితాలో ఉందో లేదో ఎక్సెల్ చూడదు.

కంట్రోల్, ఆల్ట్, వి కలిపి నొక్కితే తెరుచుకునే పేస్ట్ స్పెషల్ కిటికీ ఈ గుణాలను విడదీసి, కావలసినది మాత్రమే తీసుకోనిస్తుంది. తర్వాత వి, ఎంటర్ నొక్కితే వాల్యూస్ మాత్రమే వస్తాయి. ఈ వరుస నా వేళ్లకు ఎంతగా అలవాటైందంటే, ఇటీవలి వెర్షన్లలో అదే పనికి కంట్రోల్, షిఫ్ట్, వి అనే తేలిక దారి వచ్చినా చాలాకాలం పాతదే నొక్కుతూ వచ్చాను. ఆ కిటికీలో ఎక్కువ మంది తాకని రెండు ఎంపికలను నేను తరచుగా వాడతాను. మొదటిది, వాల్యూస్‌తో పాటు నంబర్ ఫార్మాట్లను కూడా తెచ్చేది. తేదీలున్న కాలమ్‌ను వాల్యూస్‌గా మాత్రమే తెస్తే తేదీ స్థానంలో 45363 వంటి అంకె కనిపించి కొత్తవారు కంగారు పడతారు, ఈ ఎంపికతో ఆ బెడద ఉండదు. రెండవది గుణకారం: ఖాళీ సెల్‌లో 1 వేసి, దాన్ని కాపీ చేసి, టెక్స్ట్‌గా నిలిచిపోయిన అంకెల మీద మల్టిప్లై ఎంపికతో పేస్ట్ చేస్తే అవన్నీ నిజమైన సంఖ్యలవుతాయి. ఒక ఫైలు నుంచి మరొక ఫైలుకు లెక్కలు చేరవేయడం వరకు ఈ కిటికీ మీద నాకు ఫిర్యాదు లేదు.

చిక్కంతా ఎక్సెల్ బయటి నుంచి వచ్చే డేటాతోనే. అక్కడ చెడేది రంగూ ఫాంటూ కాదు, విలువే. పేస్ట్ చేసిన క్షణంలోనే ఎక్సెల్ ప్రతి ముక్కనూ చదివి, అది సంఖ్యా, తేదీనా, మాటా అని తనంతట తాను తేల్చేస్తుంది. ఆ తీర్పు తప్పయితే తర్వాత ఫార్మాట్ మార్చి దిద్దగలమా లేదా అన్నది తప్పు రకాన్ని బట్టి ఉంటుంది. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

పన్ను లెక్కల్లో సరుకును గుర్తించే హెచ్ఎస్ఎన్ కోడు ఎండుమిర్చికి 0904, పసుపుకు 0910. పేస్ట్ చేయగానే ముందున్న సున్నా పోయి 904, 910 అవుతాయి. హెచ్ఎస్ఎన్‌లో మూడంకెల కోడు ఉండదు కాబట్టి పోయినదేమిటో వెంటనే తెలుస్తుంది, దిద్దడం తేలిక. యూపీఐ రిఫరెన్సు నంబరుకూ ఈవే బిల్లు నంబరుకూ పన్నెండేసి అంకెలుంటాయి. జనరల్ ఫార్మాట్‌లో పదకొండు అంకెలు దాటితే ఎక్సెల్ వాటిని 4.12ఈ+11 వంటి రూపంలో చూపుతుంది. చూడటానికి భయంగా ఉన్నా లోపల అంకెలన్నీ భద్రంగానే ఉంటాయి; నంబర్ ఫార్మాట్ పెట్టి దశాంశాలు తీసేస్తే మొత్తం కనిపిస్తుంది. ఇక సర్వే నంబర్లు అంత తేలికగా వదలవు. ఒక ఖాతాదారు ఆస్తుల జాబితాలో 12/3 అన్న సర్వే నంబరు పేస్ట్ కాగానే మార్చి 12 అయింది. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చి చూస్తే 12/3 తిరిగి రాలేదు, 45363 వచ్చింది. 2024 మార్చి 12వ తేదీకి ఎక్సెల్ లోపల ఉండే వరుస సంఖ్య అది. అసలు కాగితంలో ఉన్నది 12/3 కావచ్చు, 12-3 కూడా కావచ్చు, ఏదో ఆ అంకె చెప్పదు. 3-4-12 వంటి డోరు నంబర్లదీ ఇదే గతి.

అన్నిటికంటే చెడ్డది పదహారు అంకెల సంఖ్య. ఎక్సెల్ సంఖ్యలను డబుల్ ప్రెసిషన్ పద్ధతిలో దాచుకుంటుంది, పదిహేను అంకెల వరకే నిలుపుతుంది. పదహారవది సున్నా అయిపోతుంది. ఒకసారి ఒక వ్యాపారి దగ్గర పనిచేసే ముఠా కూలీల బ్యాంకు ఖాతా నంబర్లు వాట్సాప్‌లో వస్తే, నేను తొందరలో నేరుగా పేస్ట్ చేశాను. కొన్ని ఖాతాలకు పదహారు అంకెలున్నాయి. ఈ+15 అని కనిపించిన వాటిని, పైన చెప్పిన యూపీఐ నంబర్ల అలవాటు కొద్దీ నంబర్ ఫార్మాట్‌కు మార్చాను. అంకెలన్నీ నిండుగా కనిపించడంతో పని అయిపోయిందనుకున్నాను. ఆ నంబర్లన్నీ సున్నాతోనే ముగుస్తున్నాయన్న సంగతి, చెల్లింపులు వెనక్కి వచ్చిన తర్వాత గానీ నా కంట పడలేదు. అవి వేరొకరి ఖాతాలో పడకపోవడం మా అదృష్టం. తప్పు నాదే. పోయిన అంకెను ఏ ఫార్మాటూ తిరిగి తేలేదు కనుక వాట్సాప్ సందేశం తెరిచి ఒక్కొక్కటీ మళ్లీ చూసి నింపాను.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతిలో వరుసే ముఖ్యం. ముందుగా కాలమ్‌ను ఎంచుకుని దానికి టెక్స్ట్ ఫార్మాట్ పెట్టాలి, ఆ తర్వాతే తెచ్చిన డేటాను పేస్ట్ చేయాలి. అది కూడా పేస్ట్ స్పెషల్‌లో టెక్స్ట్ అని గానీ, మ్యాచ్ డెస్టినేషన్ ఫార్మాటింగ్ అని గానీ ఎంచుకుని చేయాలి. వెబ్ పేజీ నుంచి కాపీ చేసినది మామూలుగా పేస్ట్ చేస్తే, అది తన వెంట తెచ్చుకున్న ఫార్మాట్ మనం పెట్టిన టెక్స్ట్ ఫార్మాట్‌ను తుడిచేసి మళ్లీ పాత కథే మొదలవుతుంది. అనుమానం ఉంటే మధ్యలో నోట్‌ప్యాడ్‌లో ఒకసారి దించి, అక్కడి నుంచి కాపీ చేసుకోవడం మోటుగా కనిపించినా నమ్మదగిన దారి. వెబ్ నుంచి వచ్చిన అంకెలు కూడికకు లొంగకపోతే వాటి పక్కన కంటికి కనిపించని నాన్ బ్రేకింగ్ స్పేస్ ఉందేమో చూడాలి; దాని కోడు 160, ట్రిమ్ ఫార్ములా దాన్ని తీయదు, సబ్‌స్టిట్యూట్ వాడాలి. మరొక వింత కూడా ఉంది. ఒక కాలమ్‌ను పలు కాలమ్‌లుగా విడదీసే టెక్స్ట్ టు కాలమ్స్‌లో ఒకసారి ఖాళీని విభజన గుర్తుగా ఎంచుకుంటే, ఎక్సెల్ మూసే దాకా అది గుర్తుంచుకుని, తర్వాత పేస్ట్ చేసిన పేర్లనూ చిరునామాలనూ కూడా ముక్కలు చేస్తుంది. ఈ కారణం తెలియక ఒక మధ్యాహ్నమంతా నా కీబోర్డును అనుమానించాను.

2023లో ఎక్సెల్ ఆప్షన్స్‌లోని డేటా విభాగానికి ఆటోమేటిక్ డేటా కన్వర్షన్ అనే అమరికలు వచ్చాయి. ముందు సున్నాలు తీయడం, పొడవైన సంఖ్యను పదిహేను అంకెలకు కుదించడం, E అనే ఇంగ్లిషు అక్షరం చుట్టూ ఉన్న అంకెలను ఘాత రూపంగా చదవడం వంటి వాటిని విడివిడిగా ఆపవచ్చు. జన్యువుల పేర్లు తేదీలుగా మారిపోయే బాధ పడలేక, 2020 నాటికి ఆ శాస్త్రవేత్తలు మార్చ్1, సెప్ట్1 వంటి పేర్లనే మార్చుకోవలసి వచ్చిందంటే ఈ అమరిక ఎంత ఆలస్యంగా వచ్చిందో ఊహించవచ్చు. నేను అన్నిటినీ ఆపి ఉంచాను. ముందు సున్నాల బాధ తీరిపోయింది. అయితే తేదీల విషయంలో అది ఆపేది అక్షరాలూ అంకెలూ కలిసిన వాటినే కాబట్టి 12/3 ఇప్పటికీ మార్చి నెలకే వెళుతుంది. సర్వే నంబర్ల దేశంలో ఇది సగం చికిత్సే.

ఇంకో దీర్ఘకాలపు నష్టం నెమ్మదిగా పేరుకుంటుంది. ఏళ్ల తరబడి మామూలు పేస్ట్‌తో నడిచిన ఫైలులో ఒకే కండిషనల్ ఫార్మాటింగ్ నియమం చిన్న చిన్న ముక్కలుగా చీలి పదుల సంఖ్యలో కనిపిస్తుంది, సెల్ స్టైళ్లు కుప్పలుగా చేరతాయి. ఒక వర్క్‌బుక్‌లో వేర్వేరు సెల్ ఫార్మాట్లకు 65,490 అనే పరిమితి ఉంది; అది దాటితే ఇక కొత్త ఫార్మాట్ పెట్టనివ్వదు. నేను ఆ హద్దు దాకా వెళ్లలేదు గానీ, తెరుచుకోవడానికి నిమిషం పట్టే ఫైళ్లు చూశాను.

వాల్యూస్ మాత్రమే పేస్ట్ చేయమని అందరికీ చెప్పే నేను ఒక చోట మాత్రం ఆగుతాను. మన ప్రింటింగ్ ప్రెస్సుల్లో ఇప్పటికీ నడిచే అను ఫాంట్లు యూనికోడ్ కావు. వాటితో టైపు చేసిన పేర్లలో తెలుగు ఉండేది ఫాంటులోనే, విలువలో ఉండేవి ఏవేవో ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ. ఫార్మాట్ వదిలేసి పేస్ట్ చేస్తే రైతుల పేర్లన్నీ పిచ్చి గీతలుగా మారతాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే వాటిని షీట్‌లోకి తేవాలి.

కాల్క్ ఈ మొత్తం వ్యవహారాన్ని వేరే విధంగా చూస్తుంది, నిజానికి అదే నాకు నచ్చుతుంది. కంట్రోల్, షిఫ్ట్, వి నొక్కి ఫార్మాట్ లేని టెక్స్ట్‌ను ఎంచుకుంటే, పేస్ట్ చేసే ముందే దిగుమతి కిటికీ తెరిచి ప్రతి కాలమ్‌నూ ఏమని చదవాలో అడుగుతుంది: ఇది టెక్స్ట్, ఇది రోజు ముందు వచ్చే తేదీ అని మనమే చెప్పవచ్చు. 03/04/2024 ఏప్రిల్ మూడో, మార్చి నాలుగో అన్న సందేహం అక్కడే తేలిపోతుంది. కార్యాలయంలో నాకున్న ఎక్సెల్‌లో అలాంటి ప్రశ్న కావాలంటే పేస్ట్ జాబితాలోని టెక్స్ట్ ఇంపోర్ట్ విజార్డ్‌ను ఎంచుకోవాలి, లేదా పేస్ట్ మానేసి డేటా మెనూలోని టెక్స్ట్/సీఎస్వీ దిగుమతికి వెళ్లాలి. ప్రతి నెలా ఒకే రూపంలో వచ్చే స్టేట్‌మెంట్లకు నేనిప్పుడు ఈ రెండోదే చేస్తున్నాను. ఆ దిగుమతిని నడిపే పవర్ క్వెరీ తనంతట తాను చేర్చే చేంజ్‌డ్ టైప్ మెట్టును ముందు తొలగించి, ఖాతా నంబరు కాలమ్‌ను టెక్స్ట్‌గా పెడితే, వచ్చే నెల ఫైలు మార్చి రిఫ్రెష్ నొక్కడమే మిగులుతుంది. వాట్సాప్‌లో వచ్చే జాబితాలకు మాత్రం ఇప్పటికీ ముందు టెక్స్ట్ ఫార్మాట్, తర్వాతే పేస్ట్. ఆపైన ప్రతి ఖాతా నంబరు పొడవునూ లెన్ ఫార్ములాతో కొలిచి, చివరి అంకె సందేశంలోని దానితో సరిపోయిందో లేదో నా కళ్లతో చూసుకుంటాను.