తప్పిపోయిన పిల్లల కోసం వాట్సాప్ స్టేటస్: కర్నూలులో కొన్నేళ్లు వాడాక

ఎవరి బిడ్డయినా కనబడడం లేదని తెలిస్తే నేను గ్రూపుల్లో పెట్టను, నా స్టేటస్‌లో పెడతాను. కొన్నేళ్లుగా ఇదే పద్ధతి. స్టేటస్‌లో నాకు నచ్చిన గుణం ఒక్కటే: 24 గంటలకు దానంతటదే పోతుంది. గ్రూపులో పడ్డ ఫోటోకు చావు లేదు. బిడ్డ ఇంటికి చేరి అన్నం తిని నిద్రపోయినా, ఫోటో మాత్రం ఊళ్లు తిరుగుతూనే ఉంటుంది.

రాజ్‌విహార్ సెంటర్ దగ్గర నాకు జిరాక్స్, రీఛార్జ్ షాపు ఉంది. ఆటోవాళ్లు, టీ బంకులవాళ్లు కాగితాలు వాట్సాప్‌లోనే పంపుతారు. అందుకని వాళ్ల నంబర్లు నా దగ్గర, నా నంబరు వాళ్ల దగ్గర సేవ్ అయి ఉంటాయి. రెండువైపులా సేవ్ అయి ఉంటేనే స్టేటస్ కనబడేది.

ఒక దసరా ముందు రోజు సి.క్యాంప్ రైతుబజారులో ఐదారేళ్ల బాబు అమ్మ చెయ్యి వదిలేసి జనంలో కలిసిపోయాడు. వాళ్ల మేనమామ నాకు తెలిసినవాడే. ముందు పోలీసుల అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయించి, ఆ తర్వాతే స్టేటస్ పెట్టాను. ఫోటో కింద చొక్కా రంగు, చోటు, టైము, తేదీ, అంతే. గంట తిరగకముందే ఒక ఆటో అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, నీ స్టేటస్‌లో పెట్టినావే ఆ పిల్లోడు, ఈడ వెనక సందులో సోడా బండి కాడ ఏడుస్తుండాడు." ఆ సంతోషంలో స్టేటస్‌ను మించింది లేదని షాపుకొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాను.

ఇప్పుడు ఆ మాట కొంచెం తగ్గించి చెప్పాలి. ఎవరో ఆ స్టేటస్‌ను స్క్రీన్‌షాట్ తీశారు. కింద ఉన్న రాతనంతా కత్తిరించి, "ఈ బాబు కనబడితే చెప్పండి, అందరికీ షేర్ చేయండి" అని గ్రూపుల్లోకి వదిలారు. తేదీ పోయింది.

ఏడాది దాటాక అదే బాబు వాళ్ల తాతతో ఆదోని బస్టాండులో దిగాడు. కుర్రాళ్లు ఫోన్‌లోని ఫోటో చూసి, బాబు మొహం చూసి ముసలాయన చుట్టూ మూగారు. "ఎవరి పిల్లోడు వీడు? ఏడికి తీసకపోతుండావ్?" నా మనవడు నాయనా అంటాడు ఆయన. చేతిలో కీప్యాడ్ ఫోను, చూపించడానికి ఒక్క ఫోటో లేదు. ఈయనెవరో చెప్పరా అని గద్దించేసరికి బాబుకు భయంతో నోరు పెగల్లేదు. ఒకడు ఆయన భుజం మీది టవల్ పట్టుకుని లాగాడు. కండక్టర్ ఒకాయన అడ్డంపడి ఇద్దరినీ లోపల కూర్చోబెట్టి, బాబు వాళ్లమ్మకు వీడియో కాల్ చేయించాడు. "మా నాయన అన్నా ఆయన! వదిలిపెట్టండి!" అని ఆమె అరిచిన అరుపు బయటివాళ్లకూ వినబడిందట. ఆ రోజు నుంచి ఆ తాత మనవణ్ణి తీసుకుని ఒక్కడే గడప దాటడం లేదు.

దెబ్బ పడకుండా బయటపడ్డాడు, అదే అదృష్టం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న పుకార్లకు దేశంలో అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ తర్వాతే వాట్సాప్ మన దగ్గర ఒకసారికి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ కాకుండా చేసింది. మొదట పంపేవాడి ఐదు చాట్లూ పెద్ద గ్రూపులే అయితే ఇంకేం మిగిలింది?

ఇప్పుడు తేదీ కింద రాయడం లేదు. గడ్డం కిందుగా, చొక్కా మీద అడ్డంగా ఎర్రగా రాస్తున్నాను. అది కత్తిరిస్తే చొక్కా కూడా పోవాలి. దొరికాక మొహం కనబడకుండా చేసి "దొరికాడు" అని మళ్లీ పెడతాను. ఇంటివాళ్ల నంబరు వేయను, 112 చాలు.

ఎవరి పిల్లలో తెలియకుండా దొరికితే మాత్రం వాళ్ల ఫోటో అసలు పెట్టను. "ఈ పాప ఎవరి తాలూకు" అని తిప్పితే ఎవరైనా వచ్చి మాదే అనొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ (చైల్డ్‌లైన్) 1098కి చెబితే చాలు. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం 24 గంటల్లోపు పోలీసులకో, చైల్డ్‌లైన్‌కో, బాలల సంక్షేమ కమిటీకో చెప్పితీరాలి. బిడ్డ పోతే ఒకరోజు చూసి కేసు పెట్టాలనే మాట మావైపు ఇంకా వినబడుతూనే ఉంది. అది తప్పు. వెంటనే ఎఫ్ఐఆర్ రాయాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది.

నాకు పనిచేసింది నా షాపు వల్ల. ఇల్లు, ఆఫీసు నంబర్లు తప్ప లేనివాళ్ల స్టేటస్ చుట్టాలు చూస్తారు, అంతే. అలాంటివాళ్లు నాలాంటి షాపువాడితో పెట్టించుకోవడం నయం. ఇక పిల్లోడు కర్నూలు సిటీ స్టేషన్‌లో రైలెక్కేస్తే కాచిగూడ వైపు పోయాడో, గుంతకల్లు వైపు పోయాడో! నా ఆటోవాళ్లు ఆ రైల్లో ఉండరు. అప్పుడు ముందు రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయాలి, స్టేటస్ ఆ తర్వాత.