పసుపు పాలా, మునగాకు కూరా?

దాళ్వా చేలకి మందు కొట్టే రోజులొస్తే చాలు, మా వీధి అరుగుల మీద ఇదే చర్చ. పసుపు పాలు తాగితే విషం మెదడుకెక్కదని ఒకరు, మునగాకుని మించింది లేదని ఇంకొకరు. మొన్న అమలాపురం నుంచి మా బాబాయి ఫోన్ చేసి మరీ అడిగాడు.

ముందు ఒక మాట. మందు కొట్టొచ్చాక చూపు మసకబారి, చెమటలు పట్టి, నోట్లో నీరు ఊరుతుంటే పాలు కాచుకుంటూ కూర్చోవద్దు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు నరాల్లోని ఒక ఎంజైమును పనిచేయనివ్వవు. దానికి ఆసుపత్రిలో అట్రోపిన్ అనే విరుగుడు ఎక్కించాల్సిందే.

ఇక రోజూ కొద్దికొద్దిగా ఒంట్లో చేరేవాటి సంగతి. వాటిలో నాకు ఎక్కువ భయం సీసమంటేనే, ముఖ్యంగా పిల్లల మెదడు విషయంలో.

పసుపులో అసలు సరుకు, అంటే కర్కుమిన్, సుమారు 3 శాతమే. అదీ సరిగా ఒంటపట్టదు. 1998లో బెంగళూరు పరిశోధకులు మిరియాల్లోని పైపెరిన్ కలిపి ఇస్తే రక్తంలోకి 20 రెట్లు ఎక్కువ చేరింది. కానీ వాళ్లు ఇచ్చింది 2 గ్రాముల కర్కుమిన్. అంత రావాలంటే 60 గ్రాములకు పైగా పసుపు తినాలి! మెదడుని కాపాడిందని చెప్పే ఫలితాలు కూడా ఎక్కువగా ఎలుకల మీదివే. పైగా కల్తీ ఒకటి. పసుపు రంగు తేలడానికి కలిపే లెడ్ క్రోమేట్ సీసమే కదా. బంగ్లాదేశ్‌లో కొమ్ములకే పూసి అమ్మారు. అందుకే మరీ మెరిసే కొమ్ములు నేను కొనను.

మునగాకు గొప్పతనం వేరే చోట ఉంది. ఇనుము, కాల్షియం తక్కువున్న ఒంట్లోకి సీసం ఎక్కువగా ఇంకుతుంది. 100 గ్రాముల పచ్చి మునగాకులో కాల్షియం 300 మిల్లీగ్రాముల పైనే, ఆవుపాలలో 120 దాకా. చిటికెళ్లతో కాకుండా గుప్పెళ్లతో తింటాం. ఆషాఢంలో తెలగపిండి వేసి వండితే అడిగి మరీ పెట్టించుకుంటాం. చెట్టు పెరట్లోదే కాబట్టి ఏ మందు పడిందో మనకే తెలుసు. కంబళిపురుగు పడితే మా అమ్మ మందు జోలికి పోదు, ఆ కొమ్మ కొట్టించేస్తుంది.

ఉసిరికాయలోని సి విటమిన్ మునగాకులోని ఇనుముని ఒంటికి పట్టిస్తుంది. ఉసిరి దొరకని రోజుల్లో కూర దించాక నిమ్మకాయ పిండినా చాలు. సరస్వతి ఆకు పచ్చడంటారా, నచ్చితే తినండి.

బాబాయికి మునగాకే చెప్పాను. "చేదు కదరా" అన్నాడు.

"పిన్నిని తెలగపిండి కాస్త ఎక్కువ వెయ్యమను, బాబాయ్."