ఇద్రిస్ దారి, ఒమర్ ముఖ్తార్ దారి

1911లో ఇటలీ లిబియా మీద పడింది. అక్కడి సూఫీ ముస్లిం సంఘమైన సనూసీల నాయకుడు ఇద్రిస్ 1922 చివర్లో ఈజిప్టుకు వెళ్లిపోయి అదను కోసం కాచుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ పక్షాన నిలిచి, 1951లో స్వతంత్ర లిబియాకు రాజయ్యాడు. ఫలితం చూస్తే గెలిచింది ఈ దారే.

ఖురాన్ పాఠాలు చెప్పే ఒమర్ ముఖ్తార్ మాత్రం తూర్పు లిబియాలోని జబల్ అఖ్దర్ కొండలు వదల్లేదు. చిన్న గుర్రపు దళాలతో మెరుపుదాడి చేసి లోయల్లో మాయమయ్యేవాడు. తిండీ, కబుర్లూ అందించేది చుట్టుపక్కల తెగలే. అందుకే ఇటలీ ఆ జనాన్ని శిబిరాల్లో కుక్కింది, ఈజిప్టు సరిహద్దున ముళ్లకంచె వేసింది. ఆకలికీ రోగాలకీ వేలమంది రాలిపోయారు. తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది. 1931 సెప్టెంబరు 16న, డెబ్బై దాటిన ఆయన్ని సులూక్ శిబిరంలో జనం కళ్లముందే ఉరితీశారు.

అయినా నా మొగ్గు ఆయన వైపే. ఎందుకంటే బ్రిటన్ పక్షాన ఇద్రిస్ 1940లో కూర్చిన దళంలో, అంతకుముందు ఇటలీతో పోరాడిన పాత యోధులూ ఉన్నారు.