కొల్లేరు మంచినీళ్లు, పులికాట్ ఉప్పునీళ్లు

రెండూ లోతు తక్కువ సరస్సులే. తేడా అంతా ఉప్పులో ఉంది.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లతో పాటు ఒండ్రునీ తెస్తాయి. అందులో తుంగ పెరుగుతుంది, తుంగలో కొర్రమీను దాక్కుంటుంది. చేపల కోసం కొల్లేరు ఒడ్డునున్న ఆటపాకకు గూడబాతులు వస్తాయి.

పులికాట్‌లో మాత్రం స్వర్ణముఖి, కాళంగి నీళ్లకు సముద్రపు నీళ్లు కలుస్తాయి. రొయ్యలకు, పీతలకు ఆ కలగలుపు నీరే కావాలి. ఇక ఫ్లెమింగో భోజనం చూసి తీరాలి! తల తలకిందులుగా ముంచి, వంకర ముక్కుతో బురదనీళ్లు లాగి, ముక్కు లోపలి జల్లెడతో నాచునీ చిన్న జీవుల్నీ ఆపుకుని నీళ్లు వదిలేస్తుంది. ఈకల గులాబీ రంగు ఆ తిండి నుంచి వచ్చిందే. ఇసుక మేటవేసి, సరస్సును సముద్రంతో కలిపే ముఖద్వారం పూడిందా, ఉప్పు లెక్క తప్పి చేపల వేట దెబ్బతింటుంది.

దేనికి ముప్పు ఎక్కువంటే నేను కొల్లేరే అంటాను. చేపల చెరువుల గట్లు నీటిదారికి అడ్డుపడ్డాయి. 2006లో చాలా గట్లు కొట్టేశారు గానీ ముప్పు తీరలేదు. పైనుంచి నీరు తగ్గితే, మిగులు నీటిని సముద్రానికి మోయాల్సిన ఉప్పుటేరే ఉప్పునీటిని వెనక్కి తెస్తుంది.