రోజూ తూకమా, వారానికొకసారా: తగ్గిన బరువు నిలవడానికి ఏది మేలు?

అనంతపురం ఆర్ట్స్ కాలేజీ మైదానంలో పొద్దున నాతో పాటు నడిచేవారు ఏడాదిగా ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అక్కా, నువ్వు దినామూ తూకం చూసుకుంటావంట, వారానికొకసారి చూసుకుంటే చాలదా?" ఏం తినాలో, ఎంత నడవాలో వారికి తెలియనిది కాదు. కష్టపడి తగ్గిన తరువాత ఆ పట్టుదల సడలిపోతుందేమోనన్నదే వారి దిగులు. రెండు పద్ధతులనూ చాలాకాలం పాటించినదాన్ని కనుక నాకు తెలిసినంతలో వివరంగా చెబుతాను.

బరువు తగ్గుతున్న రోజుల్లో అంకె దిగుతూ ఉంటుంది, జాకెట్లు వదులవుతాయి, చూసినవారు మెచ్చుకుంటారు. నిలుపుకోవలసిన రోజుల్లో వీటిలో ఒక్కటీ ఉండదు. 68 కిలోలున్న మనిషి మరుసటి ఏడాది కూడా 68 కిలోలే ఉంటే ఎవరూ గమనించరు. పైగా శరీరం తన పాత బరువును అంత సులభంగా మరచిపోదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 50 మందికి పది వారాలు కఠినమైన ఆహార నియమం పెట్టి పరిశీలించిన పరిశోధన 2011లో వెలువడింది. బరువు తగ్గి ఏడాది గడిచినా ఆకలిని పెంచే హార్మోన్లు వారిలో మునుపటి స్థాయికి రాలేదు, ఆకలి కూడా తగ్గలేదు. అందువల్ల బరువు తిరిగి వచ్చినవారిని మనసు గట్టిది కాదని నిందించడం అన్యాయం. మెప్పు ఆగిపోయి, ఆకలి మాత్రం మిగిలిన ఈ దశలో ఏ పద్ధతి మనల్ని జాగ్రత్తగా ఉంచుతుందన్నదే అసలు విషయం.

వారానికొకసారి చూసుకోవడంలో మేలు లేకపోలేదు. వారానికి అరకిలో చొప్పున తగ్గుతున్నవారు రోజూ చూసుకుంటే నీటి హెచ్చుతగ్గులలో ఆ అరకిలో కనబడదు, ఇంత చేసినా తగ్గలేదే అన్న నిరాశ కలుగుతుంది. ఆ దశలో వారానికొక అంకె మనసుకు నెమ్మదినిస్తుంది. నేను మొదటిసారి 81 నుంచి 70 కిలోలకు వచ్చింది అలాగే, ప్రతి శుక్రవారం తలస్నానానికి ముందు చూసుకుంటూ.

ఆ తరువాత శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం రోజున పనుల ఒత్తిడిలో తూకం ఎక్కలేదు. తరువాతి శుక్రవారం తాడిపత్రిలో బంధువుల పెళ్ళిలో ఉన్నాను. ఆ పై శుక్రవారం ఇంట్లోనే ఉన్నా, పెరిగి ఉంటుందని తెలిసే ఎక్కలేదు. దీపావళి నాటికి 74, సంక్రాంతి దాటేసరికి 77. వారపు తూకంలో ఒక్కసారి తప్పితే పద్నాలుగు రోజులు, రెండుసార్లు తప్పితే మూడు వారాలు ఏమీ తెలియకుండా గడిచిపోతాయి. రోజూ చూసుకునేవారికి ఒక రోజు తప్పినా పోయేది ఆ ఒక్క రోజే. నా దృష్టిలో ఈ రెండింటిలో ఏది మేలో తేల్చేది ఇదే. కొలత ఎంత కచ్చితమన్నదాని కన్నా, భయపడిన రోజున దాన్ని తప్పించుకోవడం ఎంత సులభమన్నది ముఖ్యం. కిలోన్నర పెరిగినప్పుడు తెలిస్తే రెండు వారాలలో సరిచేసుకోవచ్చు. ఏడు కిలోలు పెరిగిన తరువాత తెలిస్తే మళ్ళీ మొదటి నుంచి ప్రారంభించవలసిందే, దానికి మనసు రాదు.

ఈ విషయంపై 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక అమెరికా పరిశోధన ప్రచురితమైంది. తమ బరువులో కనీసం పదో వంతు తగ్గిన 314 మందిని మూడు బృందాలుగా చేసి 18 నెలలు గమనించారు. అప్పుడప్పుడు కరపత్రాలు మాత్రమే అందుకున్నవారిలో 72 శాతానికి పైగా మందికి 2.3 కిలోలు, అంతకు మించి తిరిగి వచ్చింది. నేరుగా సమావేశాలకు వచ్చి, రోజూ తూకం చూసుకోవడం నేర్చుకున్నవారిలో అలా పెరిగినవారు సుమారు 46 శాతం. ఆ ఫలితమంతా తూకానిదే అనడానికి వీలు లేదు, తోటివారి సాంగత్యమూ అందులో ఉంది. కానీ రోజూ చూసుకున్నవారికి బరువు తిరిగి వచ్చే అవకాశం తక్కువగా ఉందని ఆ పరిశోధకులే గుర్తించారు. కిలోన్నర లోపు పెరిగితే పచ్చ, దాటితే పసుపు, 2.3 కిలోలు చేరితే ఎరుపు అని అందులో వాడిన పద్ధతినే నేనూ తూకం రాసుకునే నోటుపుస్తకంలో అనుసరిస్తున్నాను.

రోజూ చూసుకోవాలంటే అంకె ఎందుకు ఊగుతుందో తెలిసి ఉండాలి. పిండిపదార్థం శరీరంలో గ్లైకోజెన్‌గా నిలవైనప్పుడు ప్రతి గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీరు కూడా నిలుస్తుంది. ఊరగాయలో ఉప్పు కూడా నీటిని పట్టి ఉంచుతుంది. ఆడవారికి నెలసరి ముందు కిలో వరకు పెరగడం మామూలే. ఒక కిలో కొవ్వు చేరాలంటే ఖర్చుకు మించి సుమారు 7,700 కేలరీలు తినాలి, అది ఒక్క పండుగ పూటలో అయ్యే పని కాదు. కనుక నేను ఏ ఒక్క రోజు అంకెనూ లెక్కలోకి తీసుకోను, ఏడు రోజుల సగటునే చూస్తాను. పొద్దున కాఫీకి ముందు, ఒకే రకం బట్టలతో, ఒకే చోట ఎక్కుతాను. మా ఇంట్లో పరచిన తాడిపత్రి బండలు కొన్నిచోట్ల ఎగుడుదిగుడు, మెషీన్ అటు జరిపితే అరకిలో తేడా వస్తుంది. అందుకే దానికి ఒక మూల కేటాయించాను.

అయినా ఈ పద్ధతి అందరికీ తగదు. అంకె చూసి ఆ రోజంతా అన్నం మానేసేవారు, తిండి విషయంలో గతంలో మానసికంగా బాధపడినవారు, గర్భిణులు దీని జోలికి పోకూడదు. ఎదిగే ఆడపిల్లలను రోజూ తూకం ఎక్కించడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు, అలా చేస్తున్న తల్లులు దయచేసి మానుకోవాలి.

మిగిలిన మార్గాల గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. నడుము చుట్టుకొలత నెలకొకసారి చూసుకోవడం మంచిదే. మన దేశంలో ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు హద్దుగా చెబుతారు. బట్టలు బిగువైతే తెలుస్తుందిలే అనుకోవద్దు, చీరకు కొలత ఉండదు. చేతి గడియారాలు అడుగులు లెక్కపెడతాయి గానీ పళ్ళెంలోకి చూడలేవు.

అందువల్ల నన్ను అడిగినవారికి ఇలా చెబుతున్నాను: తగ్గేవరకు వారానికొకసారి, తగ్గిన మరునాటి నుంచి ప్రతిరోజూ. మొన్నటి ఉగాదికి నాలుగు ఓళిగలు నెయ్యి వేసుకుని తిన్నాను. మరునాడు పొద్దున మెషీన్ 1.2 కిలోలు ఎక్కువ చూపింది. అంకె రాసి, పక్కన "ఓళిగలు" అని రాసుకుని, మధ్యాహ్నం ఎప్పటిలాగే ఒక ముద్ద రాగి సంగటి, ఆకుకూర పప్పు తిన్నాను. ఐదో రోజుకు అంకె మళ్ళీ మునుపటి చోటికి వచ్చింది.