మిన్/మ్యాక్స్ బటన్ ఉన్న మల్టీమీటర్, సొంత విమానంలో చాన్నాళ్లు వాడాక

ఈ మీటర్ ఓమ్స్ ఎంత కరెక్ట్‌గా చూపిస్తుంది, కంటిన్యుయిటీ బీప్ ఎంత ఫాస్ట్‌గా వస్తుంది లాంటివి నేను రాయట్లేదు, అవి ఏ మీటర్‌లోనైనా ఉంటాయి. నాకు కావాల్సింది దీంట్లో ఒక్క మిన్/మ్యాక్స్ బటనే (నొక్కినప్పటి నుంచి వచ్చిన అతి తక్కువ, అతి ఎక్కువ రీడింగ్‌లని గుర్తుపెట్టుకుంటుంది), అది లేకపోతే ఇవాళ్టికీ ఆల్టర్నేటర్లు (ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేవి) మార్చుకుంటూనే ఉండేవాణ్ణి.

మేముండేది డాలస్ వైపు. నాది ఆర్‌వీ-6ఏ (కిట్ తెచ్చుకుని కట్టుకునే చిన్న విమానం), లైకమింగ్ ఓ-320 ఇంజిన్, ఇంకొకాయన కట్టింది నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. అమెరికాలో ఎక్స్‌పెరిమెంటల్ విమానమైతే (ఇలా సొంతంగా కట్టుకున్నవి ఆ కేటగిరీలోకే వస్తాయి) తను కట్టకపోయినా ఓనరే పని చేసుకోవచ్చు, ఏడాదికోసారి కండిషన్ ఇన్‌స్పెక్షన్ సంతకానికే మెకానిక్ కావాలి. గొడవేంటంటే రనప్‌లో, అంటే టేకాఫ్‌కి ముందు నేల మీద ఇంజిన్ చెక్ చేసేటప్పుడు, 14.2 వోల్టులు నిక్షేపంలా ఉంటుంది, టేకాఫ్ అయ్యాక క్లైంబ్‌లో లో-వోల్టేజ్ లైటు వెలిగి 12.5కి పడిపోతుంది, లెవెల్ చేసి పవర్ తగ్గించేసరికి ఏమీ ఎరగనట్టు మళ్లీ 14.2. స్పార్క్ ఇచ్చేది బ్యాటరీతో పని లేని మాగ్నెటోలు కాబట్టి ఇంజిన్ ఆగిపోతుందన్న భయం లేదు గానీ రేడియో, ట్రాన్స్‌పాండర్, ఫ్లాప్స్ అన్నీ బ్యాటరీ మీదే కదా. షాప్‌లో ఇస్తే ముందు రెగ్యులేటర్ (ఆల్టర్నేటర్ వోల్టేజ్‌ని అదుపులో పెట్టేది) మార్చారు, తగ్గలేదు, తర్వాత ఆల్టర్నేటర్ మార్చారు, అయినా తగ్గలేదు, బిల్లులు మాత్రం రెండూ కట్టించుకున్నారు. నేల మీద ఎంతసేపు తిప్పినా అంతా బాగానే కనిపిస్తుంది మరి, వాళ్లు మాత్రం ఏం కొలుస్తారు.

ఇక్కడ పనికొచ్చింది మిన్/మ్యాక్స్. ఎక్స్‌టర్నల్ రెగ్యులేటర్ ఉన్న సిస్టమ్‌లో చూడాల్సింది బస్ వోల్టేజ్ (అన్ని పరికరాలకీ కరెంటు వెళ్లే మెయిన్ లైన్ వోల్టేజ్) ఒక్కటే కాదు, ఫీల్డ్ వైరు కూడా, అంటే ఆల్టర్నేటర్ ఎంత కరెంటు తయారుచేయాలో రెగ్యులేటర్ దానికి చెప్పే వైరు. బస్ పడిపోతున్నప్పుడు రెగ్యులేటర్ ఫీల్డ్ టెర్మినల్ దగ్గర వోల్టేజ్ కూడా సున్నాకి పోతే తప్పు రెగ్యులేటర్‌ది, లేదా దానికి ముందున్న బ్రేకర్, స్విచ్‌లది. అదే ఫీల్డ్ పైకి లేచి బ్యాటరీ వోల్టేజ్ దాకా వెళ్తే రెగ్యులేటర్ పాపం ఇంకా కావాలి ఇంకా కావాలి అని అడుగుతూనే ఉందన్నమాట, తప్పు దాని అవతల ఎక్కడో ఉంది, అంటే వైరో, ఆల్టర్నేటర్ బ్రష్షులో, బెల్టో. ఒక అర ఆంప్ చిన్న ఫ్యూజ్ పెట్టి రెగ్యులేటర్ ఫీల్డ్ టెర్మినల్ నుంచి కాక్‌పిట్‌లోకి ఒక సన్న వైరు లాగాను. ఫ్యూజ్ లేకుండా మాత్రం దయచేసి ఎవరూ లాగకండి, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య గోడ) దగ్గర ఇన్సులేషన్ రాసుకుపోతే పొగ వచ్చేది మన మొహం మీదకే.

పండక్కొచ్చిన మా బామ్మర్దిని మీటర్ పట్టుకోమని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, మంచి ఎండరోజు చూసుకుని, మా ఎయిర్‌పోర్ట్ చుట్టూనే విమానాన్ని పైకి ఎక్కించా. మామూలుగా నాలుగైదు వోల్టుల దగ్గర ఊగుతున్న ఫీల్డ్ వోల్టేజ్ లైటు వెలగ్గానే ఎగిరింది. "బావా, పన్నెండు దాటింది, కొంపేమీ మునగదు కదా?" అన్నాడు, నాకేమో అంత సంతోషం ఎప్పుడూ లేదు. అంటే షాప్ వాళ్లు మార్చిన రెగ్యులేటర్ శుభ్రంగా పనిచేస్తోంది. తర్వాత అదే వైరుని ఆల్టర్నేటర్ చివరకి మార్చి ఎగిరితే అక్కడ మిన్ సున్నా. మధ్యలో ఉన్నది ఒక్క వైరే! టెర్మినల్ మీద స్లీవ్ కోసి చూస్తే క్రింప్ (టెర్మినల్‌ని వైరుకి నొక్కి బిగించే చోటు) మొదట్లో పోగులు దాదాపు అన్నీ తెగి ఉన్నాయి, పైన ఇన్సులేషన్ చెక్కుచెదర్లేదు, దగ్గర్లో క్లాంప్ లేకపోవడంతో క్లైంబ్ ఆర్‌పీఎమ్‌లో ఊగి విడిపోతోంది, పవర్ తగ్గగానే మళ్లీ అతుక్కుంటోంది. కొత్త టెర్మినల్, వైరు ఊగకుండా పట్టే ఒక ఆడెల్ క్లాంప్, అంతే ఖర్చు.

అయితే ఈ బటన్‌ని ఆకాశానికెత్తేస్తున్నా అనుకోకండి. మిన్, మ్యాక్స్ ఎంతో చెప్తుంది గానీ ఎప్పుడో చెప్పదు. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఫీల్డ్ ఎలాగూ పైకి పోతుంది, అందుకని ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే బటన్ నొక్కినా, దిగి త్రాటిల్ మూసేదాకా రికార్డింగ్ వదిలేసినా ఆ నంబర్ ఎందుకూ పనికిరాదు. క్లైంబ్‌లో నొక్కి దిగకముందే చూసి రాసుకోవాలి, అంటే రెండో మనిషి ఉండాల్సిందే, ఒక్కళ్లే ఎగురుతూ మీటర్ చూస్తూ కూర్చోకండి. కొత్త రికార్డ్ వచ్చినప్పుడల్లా బీప్ కొడుతుందని డబ్బా మీద గొప్పగా రాశారు, హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆ బీప్ దేవుడికే వినబడాలి. ఎండ పడితే డిస్‌ప్లే కూడా కనబడదు, మావాడు టోపీ అడ్డం పెట్టి చదివాడు. ఒక్కటి మాత్రం బాగుంది, ఈ మోడ్‌లో ఆటో పవర్ ఆఫ్ పనిచేయదు, మధ్యలో ఆరిపోదు.

మీ ప్యానెల్‌లో కొత్త ఈఫిస్ (గేజ్‌ల బదులు వచ్చే డిజిటల్ స్క్రీన్) ఉండి బస్ వోల్టేజ్, ఆంప్స్ సెకను సెకనుకీ లాగ్ చేస్తుంటే ఇంత ఖరీదు పెట్టక్కర్లేదేమో, ఒక ఖాళీ ఇన్‌పుట్‌కి ఫీల్డ్ వైరు కూడా కలిపేస్తే టైమ్‌తో సహా గ్రాఫ్ వస్తుంది, కాకపోతే ఆ ఇన్‌పుట్ ఎన్ని వోల్టులు తట్టుకుంటుందో ముందు చూసుకోండి. నాది పాత రౌండ్ గేజ్‌ల ప్యానెల్, అది మార్చాలంటే ఇంట్లో పర్మిషన్ లేదు, కాబట్టి నాకైతే డబ్బులు వచ్చేసినట్టే. రోటాక్స్ ఇంజిన్ వాళ్లకి వేరే కథ, వాళ్లది పర్మనెంట్ మాగ్నెట్ జనరేటర్, అసలు ఫీల్డ్ వైరే ఉండదు, ఈ కిటుకు వాళ్ల దగ్గర నడవదు.